పల్లె బంగళాలో పాడిన తొలి రికార్డు

పారిస్ నగరానికి వాయవ్యంగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఎరూవిల్ అనే చిన్న పల్లె ఉంది. చుట్టూ పొలాలు. ఊళ్ళో ఒక చర్చి, రాతిగోడల ఇళ్ళు, వాటి మధ్య 18వ శతాబ్దంలో కట్టిన పెద్ద బంగళా. ఫ్రెంచివారు ఇటువంటి దాన్ని ‘షాటో’ అంటారు. మన వైపు జమీందారుగారి దివాణం లాంటిదనుకోవచ్చు. వాన్ గో అనే జగత్ప్రసిద్ధ చిత్రకారుడు 1890లో కన్నుమూసిన ఓవేర్ గ్రామం అక్కడికి దగ్గరే.

1976 వేసవిలో ఈ బంగళాకు ఒక అమెరికా గాయకుడు వచ్చాడు. వయసు 29. సొంత బృందం లేదు. చేతిలో డబ్బు లేదు. అతన్ని నమ్మి పెట్టుబడి పెట్టే కంపెనీ ఏదీ లేదు. వెంట ఉన్నదల్లా ఒక స్నేహితుడు. ఆ పల్లెలోనే అతడు తన సొంత పేరు మీద మొదటి రికార్డుకు పాటలు పాడాడు. ఆ గాయకుని పేరు ఇగ్గీ పాప్. ఆ స్నేహితుడు డేవిడ్ బోవీ. ఈ పేర్లు మన ఊళ్ళలో ఎక్కువమంది విని ఉండకపోవచ్చు. అయినా ఆ మనిషి పడి లేచిన తీరు తెలుసుకోదగినది.

పంతులుగారి అబ్బాయి

ఇగ్గీ పాప్ అసలు పేరు జేమ్స్ ఆస్టర్‌బర్గ్. 1947 ఏప్రిల్‌లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో పుట్టాడు. తండ్రి హైస్కూల్లో ఇంగ్లీషు మాస్టారు. అయినా ఇటుకలతో కట్టిన ఇల్లు లేదు. చక్రాల మీద లాక్కుపోయే పెట్టెలాంటి ఇంట్లో కాపురం. ట్రైలరు అంటారు దాన్ని. ఇప్సిలాంటి అనే ఊరి దగ్గర అలాంటి ఇళ్ళన్నీ వరసగా నిలిపిన చోట పిల్లవాడు పెరిగాడు. కుర్రవాడికి డ్రమ్ముల మీద మోజు కలిగింది. ఆ ఇరుకింట్లో డ్రమ్ములు పెట్టడానికి చోటెక్కడ? అమ్మానాన్నలు తాము పడుకునే పెద్ద గది ఖాళీ చేసి వాడికిచ్చారు. రోజంతా ఆ మోత విని కూడా ఒక్కగానొక్క కొడుకును ఏమీ అనని తల్లిదండ్రులు వాళ్ళు.

మొదట చేరిన బృందం పేరు ‘ఇగువానాస్’. ఇగువానా అంటే మన ఉడుములాంటి జంతువు. ఆ పేరులోంచే ‘ఇగ్గీ’ అనే ముద్దుపేరు వచ్చింది. తర్వాత మిత్రులతో కలిసి ‘స్టూజెస్’ అనే బృందం పెట్టాడు. 1969లో ఒకటి, 1970లో ఒకటి, 1973లో ఒకటి, మొత్తం మూడు రికార్డులు వచ్చాయి. ఇవాళ రాక్ సంగీతం తెలిసినవారు వాటిని నెత్తిన పెట్టుకుంటారు గాని, ఆ రోజుల్లో కొన్నవారు తక్కువ. వేదిక మీద ఇగ్గీ చేసే పనులు చూసి జనం బెదిరిపోయేవారు. చొక్కా లేకుండా గెంతేవాడు, జనం మీదికి దూకేవాడు, గాజుపెంకులతో గుండెల మీద కోసుకునేవాడు. ఇదంతా కళ అంటే ఒప్పుకోవడం ఈ విలేఖరికి కష్టమే.

అంతకంటె పెద్ద చెరుపు హెరాయిన్ అనే మత్తుమందు చేసింది. 1974 ఫిబ్రవరిలో డెట్రాయిట్‌లో జరిగిన ఆఖరి కచేరీలో జనం వేదిక మీదికి సీసాలు, గుడ్లు విసిరారు. దానితో బృందం చెదిరిపోయింది. అదే సంవత్సరం ఇగ్గీ తనంతట తానే లాస్ ఏంజెల్స్‌లోని ఒక మానసిక వైద్యశాలలో చేరాడు. వాద్యం వాయించే వేళ్ళు, పాడే గొంతు ఉండి కూడా మద్యానికో మత్తుకో బలైపోయిన కళాకారులు మన నాటక సమాజాల్లోనూ లేకపోలేదు. ఒకప్పుడు చప్పట్లు కొట్టినవారే తర్వాత పక్కకు తప్పుకుని పోతారు. ఇగ్గీ విషయంలోనూ అదే జరిగింది. ఆస్పత్రికి చూడ్డానికి వచ్చిన కొద్దిమందిలో బోవీ ఒకడు.

ఇద్దరు రోగుల ప్రయాణం

బోవీ ఇంగ్లండు గాయకుడు. ఇగ్గీకంటె మూడు నెలలు పెద్ద. అప్పటికే అటు లండన్‌లో, ఇటు అమెరికాలో గొప్ప పేరు. స్టూజెస్ మూడో రికార్డుకు శబ్దాల పాళ్ళు కూర్చే పని కూడా ఆయనే చేశాడు. అయితే పేరుకు తగ్గ ఆరోగ్యం ఆయనకూ లేదు. లాస్ ఏంజెల్స్‌లో కొకెయిన్‌కు అలవాటుపడి, తిండి మానేసి, ఎముకల గూడులా తయారయ్యాడు. ఆ ఊరు వదిలితేగాని బతకనని గ్రహించాడు.

1976లో బోవీ ఊరూరా కచేరీలకు బయలుదేరినప్పుడు ఇగ్గీని వెంట తీసుకుపోయాడు. పాడించడానికి కాదు, ఊరికే తోడుగా. మార్చిలో న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో గంజాయి కేసులో పోలీసులు ఇద్దర్నీ పట్టుకున్నారు కూడా. మే నెలలో పారిస్ కచేరీలతో ఆ పర్యటన ముగిసింది. అక్కడి నుంచి ఎరూవిల్ బంగళా దగ్గరే. బోవీకి ఆ చోటు కొత్త కాదు. 1973లో ‘పిన్ అప్స్’ అనే రికార్డు అక్కడే చేశాడు.

మత్తు నుంచి తప్పించుకోవాలనుకునే ఇద్దరు, ఆ మత్తు సులభంగా దొరికే నగరాలు వదిలి పల్లె చేరడంలో తెలివి ఉంది. పూర్తిగా మానేశారని చెబితే అబద్ధమవుతుంది. మానడానికి ఇంకా ఏళ్ళు పట్టింది. కాని పని చేయగలిగే మనుషులయ్యారు.

బంగళాలో స్టూడియో ఎలా వచ్చింది?

ఇక్కడ మిషెల్ మాన్య అనే పెద్దమనిషి గురించి చెప్పాలి. ఆయన ఫ్రాన్సులో పేరున్న సినిమా సంగీత దర్శకుడు. ‘ఫాంతొమాస్’ చిత్రాలకు సంగీతం ఆయనదే. 1962 చిత్రం ‘జిగో’ సంగీతానికి ఆస్కార్ పరిశీలన దాకా వెళ్ళినవాడు. ఆ ఏడాదే మరో చిత్రకారునితో కలిసి ఈ బంగళా కొన్నాడు. 1969లో అందులో మంటలు లేచి ఆయన దాచుకున్న స్వరాల కాగితాలు, టేపులు బూడిదైపోయాయి. మరొకరైతే అమ్ముకుని పోయేవారు. ఆయన ఆ బంగళా అటకమీదనే రికార్డింగు స్టూడియో నెలకొల్పాడు.

స్టూడియోలు నగరాల్లో ఉండటం లోక రివాజు. మన సినిమా పాటలు మద్రాసులో తయారైన రోజుల్లో గాయకులు, వాద్యగాళ్ళు అందరూ ఒక్కచోట చేరి ఒక్కసారే వాయించేవారు. వయొలిన్ ఒకటి తప్పితే అందరూ మొదటి నుంచి మొదలుపెట్టవలసిందే. పైన కాల్షీటు గడియారం పరుగులు. మాన్య ఆలోచన దీనికి ఎదురు. కళాకారుడు ఇక్కడే ఉండాలి, ఇక్కడే తినాలి, ఇక్కడే నిద్రపోవాలి, ఒళ్ళు తోచినప్పుడు మేడెక్కి పాడుకోవాలి. అర్ధరాత్రి పాడినా పక్కింటివారు తలుపు తట్టరు. గదులు, వంటవారు, ఈత కొలను, టెన్నిస్ ఆడే చోటు అన్నీ అమర్చాడు. కళాకారులు బస చేసి రికార్డు చేసుకునే ఇలాంటి స్టూడియోలు అప్పటికి చాలా అరుదు.

ఊరివారికి దీంతో ఏం లాభమని అడగవచ్చు. 1971 జూన్‌లో ఒక ముచ్చట జరిగింది. అమెరికా నుంచి గ్రేట్‌ఫుల్ డెడ్ అనే పెద్ద బృందం ఓవేర్‌లో జరగవలసిన ఉత్సవంలో వాయించడానికి వచ్చింది. వాన కురిసి ఉత్సవం ఆగిపోయింది. బృందం వారు బంగళాలోనే దిగి ఉన్నారు. చేసే పనేమీ లేక జూన్ 21 రాత్రి బంగళా తోటలో పచ్చిక మీద వాద్యాలు సర్ది ఊరివారికి ఉచితంగా కచేరీ చేశారు. పిల్లాజెల్లా, ముసలీ ముతకా, ఊరి పెద్దలు, మంటలార్పే దళంవారు అంతా వచ్చారు. టెలివిజన్‌వారు చిత్రం తీశారు. చివరకు కొందరు బట్టలతోనే కొలనులోకి దూకారట. టిక్కెట్టు కొని వేల మంది చూసే బృందాన్ని ఒక పల్లె తన సొంత తోటలో చూసింది.

మరుసటి ఏడాది ఎల్టన్ జాన్ వచ్చి చేసిన రికార్డుకు ఈ బంగళా మీదనే ‘హాంకీ షాటో’ అని పేరు పెట్టాడు. ‘రాకెట్ మాన్’ పాట అందులోదే. అక్కడ పొద్దున లేచేసరికి సహచరుడు సాహిత్యం రాసి ఇచ్చేవాడు. ఫలహారాల బల్ల పక్కనే పియానో. కాఫీ చల్లారేలోగా బాణీ తయారయ్యేది.

ముందు బాణీ, తర్వాత మాట

ఇగ్గీ రికార్డుకు పని నడిచిన తీరు వేరు. బోవీ ముందు సంగీతం సిద్ధం చేసేవాడు. పియానో, గిటారు, శాక్సఫోను చాలా భాగం తానే వాయించాడు. సింథసైజరు కూడా వాడారు. విద్యుత్తుతో వింత ధ్వనులు పుట్టించే యంత్రం అది. డ్రమ్ములకు మిషెల్ సాంతాంజెలి అనే ఫ్రెంచి యువకుడిని పిలిపించారు. బంగళా స్టూడియో వ్యవహారాలు చూసే లొరాన్ తిబో బాస్ గిటారు పట్టుకున్నాడు. వాయించినదాన్ని మెరుగులు దిద్దే అలవాటు బోవీకి ఆ వేసవిలో లేదు. మొదటిసారి వాయించినప్పుడు ఉండే మొరటుతనం, తడబాటు అట్లాగే టేపు మీద ఉండనిచ్చాడు.

తర్వాత ఇగ్గీ వంతు. చేతిలో పూర్తి సాహిత్యం లేకుండానే చాలాసార్లు మైకు ముందు నిలబడి, బాణీ వింటూ అప్పటికప్పుడు మాటలు అల్లుకుని పాడేవాడు. ముందు ట్యూను, తర్వాత పాట అనేది మన సినిమా కవులకు బాగా తెలిసిన కష్టమే. కాకపోతే వారు కాగితం ముందు వేసుకుని తంటాలు పడతారు. ఇతడు మైకు ముందే తేల్చుకున్నాడు.

గొంతు కూడా మారిపోయింది. స్టూజెస్‌లో అరిచిన మనిషి ఇక్కడ లోగొంతుకతో, నూతిలోంచి మాట్లాడినట్టు పాడాడు. ఒక పాటలో పాత బృందంలోని మిత్రులను పేరుపేరునా తలచుకున్నాడు. వారిలో ఇద్దరు అప్పటికే చనిపోయారు.

ఆ రోజుల్లోనే జాక్ ఇజ్లాన్ అనే ఫ్రెంచి గాయకుడు తన రికార్డు పనిమీద అదే బంగళాలో ఉన్నాడు. ఆయన వెంట వియత్నాం స్త్రీ ఒకరు ఉన్నారు. ఇగ్గీ ఆమె మీద మనసు పడ్డాడు. ఫలితం లేదు. ఆ దిగులులో పుట్టిన పాట ‘చైనా గర్ల్’. వియత్నాం అమ్మాయి చైనా అమ్మాయి ఎలా అయిందో కవినే అడగాలి. ఈ పాట సంగతి మళ్ళీ వస్తుంది, గుర్తుంచుకోండి.

ఎరూవిల్‌లో మొదలైన పని జర్మనీలోని మ్యూనిక్‌లో, బెర్లిన్‌లో పూర్తయింది. రష్యా రచయిత దొస్తొయెవ్‌స్కీ నవల పేరే తీసుకుని ‘ది ఇడియట్’ అని రికార్డుకు పేరు పెట్టారు. 1977 మార్చిలో విడుదలయింది. ఇంగ్లండు పట్టికలో 30వ స్థానం, అమెరికాలో 72వ స్థానం. కోట్లు రాలలేదు. కాని సీసాలు విసిరిన జనమే మళ్ళీ టిక్కెట్టు కొన్నారు. ఆ ఏడాది ఇగ్గీ కచేరీల్లో బోవీ పక్కన ఓ మూల కూర్చుని కీబోర్డు వాయించాడు. అంత పేరున్నవాడు మరొకరి వెనక, మన భజనలో హార్మోనియం పట్టినట్టు, పాట మొత్తం తోడు నిలవడం ఎక్కడోగాని కనిపించదు.

బోవీ తన ప్రయోగాలకు ఇగ్గీని సాధనంగా వాడుకున్నాడని విమర్శించినవారున్నారు. ఎందుకంటే 1976 సెప్టెంబరులో అదే బంగళాకు తిరిగి వచ్చి, అదే పోకడలో ‘లో’ అనే తన రికార్డు మొదలుపెట్టాడు. అది నిజమే కావచ్చు. అయినా లాభం రెండు వైపులా ఉన్నప్పుడు దాన్ని మోసం అనలేము. 1983లో బోవీ ‘చైనా గర్ల్’ను తాను మళ్ళీ పాడాడు. ఆ పాట ఇంగ్లండులో రెండో స్థానం, అమెరికాలో పదో స్థానం చేరింది. పాట ఇద్దరి పేర రాసి ఉంది గనుక రాబడిలో ఇగ్గీకి వాటా వచ్చింది. మళ్ళీ చితికిపోయి ఉన్న ఆ రోజుల్లో ఆ డబ్బే అతన్ని నిలబెట్టింది. బోవీ 2016 జనవరిలో మరణించాడు.

కట్టినవాని గతి

ఇంత జరిగిన బంగళా దాన్ని స్టూడియో చేసిన మాన్యకు మిగల్లేదు. అప్పులు పెరిగాయి. ఇగ్గీ వచ్చేనాటికే యాజమాన్యం ఆయన చేయి దాటిపోయింది. 1977లో బీజీస్ సోదరులు ఇక్కడికి వచ్చి ‘శాటర్‌డే నైట్ ఫీవర్’ చిత్రం పాటలు పాడితే ఆ రికార్డు కోట్లలో అమ్ముడయింది. అందులో ఒక్క పైసా ఆయన ఇంటికి రాలేదు. 1984 డిసెంబరు 19న పారిస్ దగ్గరి పాంత్వాజ్ ప్రాంతంలో ఒక హోటల్ గదిలో మిషెల్ మాన్య ప్రాణం తీసుకున్నాడు. వయసు 54. మరుసటి ఏడాది స్టూడియో మూతపడింది. ముప్పయి ఏళ్ళ పాటు తలుపులు బిగిసి, గోడలు పెచ్చులూడి, బంగళా పాడుబడింది.

2015 ప్రాంతంలో శబ్దగ్రహణ పని తెలిసిన కొందరు కలిసి దాన్ని కొన్నారు. గదులు బాగుచేసి మళ్ళీ స్టూడియో తెరిచారు. కళాకారులు బస చేసి పాడుకునే పాత పద్ధతే పెట్టుకున్నారు.