ఐదు ప్రశ్నార్థకాలు

మా ఇంట్లో ఒక వింత అలవాటు ఉంది. ఎవరైనా తమకు గట్టిగా తెలియని సంగతి చెప్పాల్సి వస్తే, మాట పూర్తి కాగానే ఐదు వేళ్ళూ చాపి చూపిస్తారు. "కారు తాళాలు హ్యాండ్‌బ్యాగులోనే ఉన్నాయి" అంటుంది మా ఆవిడ, వెంటనే ఐదు వేళ్ళు. అంటే వెతుక్కోవలసిందే అన్నమాట! కొత్తగా వచ్చిన చుట్టాలు అదేదో ఆశీర్వాదం అనుకుంటారు. దీని వెనక ఒక టీవీ క్విజ్, ఒక కంప్యూటరు, మా నాన్నగారు ఉన్నారు.

అది 2011 ఫిబ్రవరి. చికాగో చలి గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. తెనాలి దగ్గర హైస్కూల్లో ముప్పయ్యేళ్ళు సోషల్ పాఠాలు చెప్పి రిటైరైన మా నాన్నగారు అప్పటికి నాలుగు నెలలుగా మా ఇంట్లో ఉన్నారు. బయట అడుగు పెట్టే వీల్లేక ఆయనకు 'జెపర్డీ!' అలవాటైంది. చికాగోలో ఆ షో మధ్యాహ్నం మూడున్నరకి వచ్చేది. రికార్డు చేసి పెడితే, రాత్రి భోజనాలయ్యాక అందరం కలిసి చూసేవాళ్ళం. అందులో జవాబులాంటి వాక్యం ముందు ఇస్తారు. దానికి సరిపోయే ప్రశ్నను పోటీదారు చెప్పాలి. "ఇదేం తిరకాసురా, పరీక్షలో కాపీ కొట్టినవాడి వ్యవహారంలా ఉంది" అని నవ్వేవారు నాన్నగారు.

ఆ వారం ప్రత్యేకం. ఐబీఎం వాళ్ళు తయారుచేసిన 'వాట్సన్' అనే కంప్యూటరు ఇద్దరు మహా ఘనులతో తలపడుతోంది. ఒకరు 2004లో వరసగా 74 ఆటలు గెలిచిన కెన్ జెన్నింగ్స్, రెండోవారు బ్రాడ్ రటర్. వాట్సన్ అంటే ఒక పెట్టె కాదు, 90 సర్వర్లు కలిపిన యంత్రం. ఆట జరిగేటప్పుడు దానికి ఇంటర్నెట్ కనెక్షన్ లేదు. ముందే మింగిన పుస్తకాలు, విజ్ఞాన సర్వస్వాలే దాని ఆధారం. నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి కాబట్టి యంత్రం పక్షం. ఆరో తరగతి చదివే మా వాడు జెన్నింగ్స్ పక్షం. "నేను ప్రశ్న పక్షం" అన్నారు నాన్నగారు.

ఇక్కడ మరో సంగతి చెప్పాలి. అంతకు నెల క్రితమే మా వాడు స్కూల్లో జాగ్రఫీ బీ పోటీలో ఓడిపోయాడు. రెండు నెలలు అట్లాసు బట్టీ పట్టించాను. తీరా స్టేజీ మీద ఒక ప్రశ్నకు "ఐ డోంట్ నో" అని వచ్చేశాడు. కారులో వాణ్ణి బాగా కేకలేశాను. "ఏదో ఒకటి నమ్మకంగా చెప్పాలి గానీ తెలీదంటావా!" అన్నాను. ఆ రోజు నుంచి వాడు అట్లాసు తెరవలేదు. వెనక సీట్లో కూర్చున్న నాన్నగారు ఆ రోజు ఒక్క మాటా అనలేదు.

ఫిబ్రవరి 15 మంగళవారం. మొదటి ఆటలో ఆఖరి ప్రశ్న వచ్చింది. విభాగం 'అమెరికా నగరాలు'. ఈ ఊళ్ళో అతిపెద్ద విమానాశ్రయానికి రెండో ప్రపంచ యుద్ధపు వీరుడి పేరు పెట్టారు, రెండో పెద్ద విమానాశ్రయానికి ఆ యుద్ధంలోని ఒక పోరు పేరు పెట్టారు. ఏ ఊరు? ముప్పై సెకన్ల సమయం. ఆ పేరుమోసిన బాణీ మొదలైంది.

"న్యూయార్క్!" అని ఒక్క అరుపు అరిచాను. కెనెడీ రెండో ప్రపంచ యుద్ధంలో నౌకాదళంలో పనిచేసి పతకం పొందినవాడే కదా! మరి రెండోది? లగార్డియా అనేది ఆ ఊరి పాత మేయరు పేరు, యుద్ధం కాదు. అది తట్టేలోపు నాన్నగారు నెమ్మదిగా అన్నారు: "యుద్ధం మిడ్‌వే అయితే... థాంక్స్‌గివింగ్‌కి బాల్టిమోర్ వెళ్ళినప్పుడు మనం విమానం ఎక్కింది మిడ్‌వేలోనే కదరా?"

జెన్నింగ్స్, రటర్ ఇద్దరూ చికాగో అనే రాశారు. పన్నెండేళ్ళుగా చికాగోలో ఉంటూ, నెలకోసారి ఎయిర్‌పోర్టుకి పరుగెత్తే నాకు మాత్రం తట్టలేదు!

ఇక వాట్సన్ వంతు. తెర మీద కనిపించింది: టొరంటో. దాని పక్కన ఐదు ప్రశ్నార్థకాలు. అమెరికా నగరం అడిగితే కెనడా ఊరు చెప్పింది. హాలంతా నవ్వులు. షో నడిపే అలెక్స్ ట్రెబెక్ పుట్టింది కెనడాలోని ఒంటారియోలో. టొరంటో అమెరికాలో ఉందని ఇప్పుడే తెలిసిందని మర్నాడు ఆయన చమత్కరించాడు.

యంత్రం ఎందుకు తడబడింది? తయారుచేసినవాళ్ళు తరవాత చెప్పిన కారణాలు ముచ్చటగా ఉన్నాయి. జెపర్డీలో విభాగం పేరుకీ జవాబుకీ గట్టి సంబంధం ఉండని సందర్భాలు చాలా ఉంటాయి. అందుకని అది విభాగం పేరును మరీ పట్టించుకోకుండా నేర్చుకుంది. ప్రశ్నలో 'అమెరికా' అన్న మాట లేదు. పైగా అమెరికాలోనూ టొరంటో అనే ఊళ్ళున్నాయి, ఒహాయోలో ఒకటి, కాన్సస్‌లో ఒకటి. టొరంటో బేస్‌బాల్ జట్టు ఆడేది అమెరికన్ లీగ్‌లో. మనిషికి వెంటనే అర్థమయ్యే 'రెండో పెద్దది' అన్న ముక్క దేని గురించో యంత్రానికి తేలిగ్గా అందలేదు. దాని లెక్కలో టొరంటో మీద నమ్మకం 14 శాతం, రెండో స్థానంలో ఉన్న చికాగో మీద 11 శాతం. అంటే రెండూ ఊహలే.

అయితే అసలు విశేషం ఇది. వాట్సన్ ఆ జవాబు మీద పందెం కాసింది 947 డాలర్లే. అప్పటికి దాని దగ్గర 36,681 డాలర్లున్నాయి. తప్పు చెప్పినా ఆ రోజు మొదటి స్థానం దానిదే. మర్నాడు రెండో ఆట కూడా ముగిశాక 77,147 డాలర్లతో గెలిచింది. జెన్నింగ్స్‌కు 24,000, రటర్‌కు 21,600 వచ్చాయి.

మా వాడు తెర వైపే చూస్తూ అడిగాడు: "డాడీ, తెలీకపోతే క్వశ్చన్ మార్కులు పెట్టొచ్చా?"

నాకు మాట రాలేదు. నాన్నగారు వాణ్ణి దగ్గరకు తీసుకుని, "నా క్లాసులో తెలీదన్నవాణ్ణి నేనెప్పుడూ బెంచీ ఎక్కించలేదురా. తెలీకుండా తెలిసినట్టు చెప్పినవాణ్ణే ఎక్కించేవాణ్ణి. మీ నాన్న చాలాసార్లు ఎక్కాడు" అన్నారు. అది నిజం, నేను ఆయన క్లాసులోనే చదివాను.

నాకు ఇంకొకటి గుర్తొచ్చింది. నాన్నగారు వచ్చిన రోజు ఎయిర్‌పోర్టు నుంచి కారులో వస్తూ, "ఓహేర్ అంటే ఎవర్రా?" అని అడిగారు. "ఎవరో పెద్దాయన నాన్నా" అని కొట్టిపారేశాను. ఆ రాత్రి వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, "నాకూ తెలీదురా, వెతుకుదాం పట్టు" అన్నాను. కారులో తిట్టినందుకు సారీ కూడా చెప్పాను. నెల తరవాత వాడు మళ్ళీ అట్లాసు తీశాడు.

ఎడ్వర్డ్ ఓహేర్ అమెరికా నౌకాదళ పైలట్. 1942 ఫిబ్రవరి 20న లెక్సింగ్‌టన్ అనే విమాన వాహక నౌక మీదికి వస్తున్న జపాన్ బాంబర్లను దాదాపు ఒంటరిగా ఎదుర్కొన్నాడు. మెడల్ ఆఫ్ ఆనర్ అందుకున్నాడు. 1943 నవంబరులో రాత్రి పోరుకు వెళ్ళి తిరిగి రాలేదు. మిడ్‌వే పసిఫిక్‌లో ఆసియాకూ ఉత్తర అమెరికాకూ ఇంచుమించు సగం దారిలో ఉన్న చిన్న దీవుల గుంపు, పేరు అందుకే వచ్చింది. 1942 జూన్‌లో అక్కడ జపాన్ నాలుగు విమాన వాహక నౌకల్ని పోగొట్టుకుంది. మన రెండు ఎయిర్‌పోర్టులకూ ఆ పేర్లు పెట్టింది 1949లో. అంతకు ముందు ఓహేర్ పేరు ఆర్చర్డ్ ఫీల్డ్. మన సూట్‌కేసుల ట్యాగుల మీద ఉండే ఓ.ఆర్.డి. అనే మూడక్షరాలు ఆ పాత పేరువే!

నాన్నగారు ఊరికి వెళ్ళే రోజు రెండు గంటలు ముందే బయలుదేరాం. టెర్మినల్ 2లో ఓహేర్ నడిపిన రకం వైల్డ్‌క్యాట్ యుద్ధవిమానం పెట్టి ఉంటుంది. మిషిగన్ సరస్సు అడుగు నుంచి పైకి తీసిందది. తాతా మనవడూ దాని ముందు చాలాసేపు నిలబడ్డారు. నేను దాని పక్కనుంచి ఎన్నిసార్లు ఫోను చూసుకుంటూ నడిచానో! నాన్నగారు మళ్ళీ రాలేకపోయారు. ఇప్పుడు ఆయన లేరు. ట్రెబెక్ 2020లో పోయారు. ఆ జాగ్రఫీ బీ పోటీలను కూడా 2021లో శాశ్వతంగా ఆపేశారు.

ఇవాళ మన పిల్లలు హోంవర్కు కోసం అడిగే కంప్యూటర్లు వాట్సన్ కంటే ఎంతో తెలివైనవి. అవీ తప్పులు చెబుతాయి. చాలాసార్లు ప్రశ్నార్థకాలు లేకుండానే, నున్నగా చెబుతాయి. ఆ ప్రశ్నార్థకాలు పెట్టుకోవలసింది ఇక మన పిల్లలే. వాళ్ళకు ముందుగా మనం పెట్టి చూపించాలి.

పిల్లలూ, మీకో చిన్న ఆట. జవాబు చెప్పే ముందు మీ నమ్మకం ఎంతో వేళ్ళతో చూపించండి. ఐదు వేళ్ళంటే "అస్సలు తెలీదు".

1. నెవాడాలోని రీనో, కాలిఫోర్నియాలోని లాస్ ఏంజెలెస్: ఏది ఎక్కువ పడమరన ఉంది?
2. డెట్రాయిట్ నడిబొడ్డు నుంచి నేరుగా దక్షిణానికి వెళ్తే ఏ దేశం వస్తుంది?
3. చుట్టూ ఆంధ్రప్రదేశ్ ఉన్నా ఆ రాష్ట్రంలో లేని, గోదావరి ఒడ్డున ఉన్న ఊరేది?

జవాబులు: 1. రీనో. 2. కెనడా. 3. యానాం, అది పుదుచ్చేరిలో భాగం.

మూడోది మీ అమ్మానాన్నలను అడగండి. వాళ్ళు ఎన్ని వేళ్ళు చూపిస్తారో చూడండి.