ఆదర్శ సమాజంలో చాకిరీ ఎవరిది?

ఆదర్శ సమాజం అనగానే మన రచయితలు ఆకలి లేని, దోపిడీ లేని లోకాన్ని నాలుగు మాటల్లో వర్ణించి ఊరుకుంటారు. ఆ లోకంలో తెల్లవారి లేచి అంట్లు తోమేదెవరు, పశువును కోసేదెవరు అన్న ప్రశ్న వారికి తట్టదు. ఊహా సమాజాలను చిత్రించిన రచనలకు ఇంతకంటె గట్టి గీటురాయి నాకు కనబడలేదు.

థామస్ మోర్ లాటిన్‌లో రాసిన 'యుటోపియా' 1516లో వెలువడింది. గ్రీకు మాటలతో ఆయన కల్పించిన ఆ పేరుకు 'ఎక్కడా లేని చోటు' అని అర్థం. మొదటి భాగంలో ఉన్నది ఆనాటి ఇంగ్లండే. ఉన్ని వ్యాపారం లాభసాటి కావడంతో భూస్వాములు పొలాలకు కంచెలు వేసి గొర్రెల బీళ్లుగా మార్చారు, దిక్కులేని రైతులు దొంగలయ్యారు, దొంగలను ఉరితీశారు. దొంగను తానే పుట్టించి తానే శిక్షించే ఆ వ్యవస్థ మీది కోపంలోంచి రెండవ భాగంలోని ద్వీపం పుట్టింది. అక్కడ సొంత ఆస్తి లేదు. ఆడా మగా అందరూ పనిచేస్తారు గనుక రోజుకు 6 గంటల శ్రమ చాలు. బంగారంతో మలమూత్ర పాత్రలు, బానిసల సంకెళ్లు చేయిస్తారు.

బంగారానికి జరిగిన ఈ పరాభవం చూసి పాఠకుడు సంతోషిస్తాడు. మరి సంకెళ్లలో ఉన్నవాడి మాటేమిటి? పశువుల వధ, భోజనశాలల్లో మురికి పని, బరువు పని బానిసలవే. వధ చేస్తే పౌరుడిలో దయాగుణం నశిస్తుందట! బానిసకు ఆ దయ అక్కరలేదు కాబోలు. యుద్ధఖైదీలు, శిక్షపడ్డవారు, పొరుగుదేశాల నుంచి తామే వచ్చిచేరిన నిరుపేదలు—వీరే ఆ బానిసలు. బానిసత్వం అక్కడ వంశపారంపర్యం కాదు. అంతవరకు మన కులవ్యవస్థకంటె నయమే. మనుషుల చేత పాకీపని చేయించడాన్ని నిషేధిస్తూ 1993లో ఒకసారి, 2013లో మరోసారి చట్టం చేసుకోవలసివచ్చిన మనకు మోర్‌ను వెక్కిరించే అర్హత అంతగా లేదు.

అయినా దృక్పథంలో తేడా ఉంది. 15-16 శతాబ్దాల నాటి కాశీ కవి రవిదాసు తోలుపని కులంలో పుట్టినవాడు. ఆయన ఊహించిన 'బేగంపుర' దుఃఖం లేని నగరం. అక్కడ పన్నులు లేవు, రెండో తరగతి మూడో తరగతి మనుషులు లేరు, ఎవరికి ఇష్టమైన చోటికి వారు నడిచి వెళ్లవచ్చు. ఈ చివరి కోరికను గమనించాలి. మోర్ ద్వీపంలో పౌరుడు మరో ఊరు వెళ్లాలంటే అధికారి అనుమతి కావాలి. లేకుండా రెండోసారి పట్టుబడితే బానిసత్వమే శిక్ష. వీధిలో నడవడానికే అడ్డు ఎదుర్కొన్న కులంవాడికి తప్ప నడక ఆదర్శంగా తోచదు.

మోర్ భోజనశాలల్లో వంట మాత్రం స్త్రీలదే. రొకేయా హుసేన్ రాసిన 'సుల్తానాస్ డ్రీమ్' 1905లో మద్రాసు నుంచి వెలువడే ఇండియన్ లేడీస్ మ్యాగజైన్‌లో అచ్చయింది. ఆ స్త్రీరాజ్యపు వంటగదిలో బొగ్గూ లేదు, పొగా లేదు. వంట సూర్యుడి వేడితో జరుగుతుంది. పరదాను రద్దు చేయక మగవాళ్లకు మార్చడం కథలోని లోపమని కొందరు అనవచ్చు. నేను దాన్ని ఎగతాళిగా చదువుతాను. వంటగదిని మాత్రం ప్రణాళికగానే చదువుతాను.