గోడ మీది పాత కరెంటు పెట్టెలో ఏముంది?

పాత ఇల్లు కొన్నా, అద్దెకు దిగినా ముందుగా వంటగది, నీళ్ల వసతి చూసుకుంటాం. వరండా గోడకి తుప్పు పట్టి ఉన్న ఇనప పెట్టె జోలికి మాత్రం వెళ్లం. 'అదంతా మావారు చూసుకుంటార్లే' అనుకుంటాం. మరి తడిచేత్తో స్విచ్చులు వేసేది, దండెం మీద బట్టలు ఆరేసేది ఎవరు? అందుకే ఆ పెట్టె సంగతి మనకీ తెలియాలి. విప్పనక్కర్లేదు, చూస్తే చాలు.

వైరు వెంటే చూడండి

స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరు మామూలుగా ముందు పింగాణీ కటౌట్‌లోకి, అక్కణ్నుంచి మీటర్లోకి, తర్వాత మెయిన్ స్విచ్‌లోకి వెళ్తుంది. పక్కన పిడి ఉన్న ఇనప పెట్టే మెయిన్. మీటరు సీలు ముట్టుకోకూడదు. మెయిన్ నుంచి ఇంట్లోకి వెళ్లే వైరింగ్ బాధ్యత మనదే. పాత వైరింగ్‌లో ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్తు. అయితే ఏళ్ల తరబడి ఎవరెవరో రిపేర్లు చేసి ఉంటారు. రంగుని నమ్మి వైరు పట్టుకోవద్దు.

మెయిన్ దించితే సరిపోతుందా?

పిడి దించితే ఇంట్లోకి కరెంటు ఆగుతుంది. పెట్టెలోకి వచ్చే వైర్లలో మాత్రం 230 వోల్టులు అలాగే ఉంటాయి! ఇంకో చిక్కుంది. చాలా పాత మెయిన్‌లలో న్యూట్రల్‌కి కూడా ఫ్యూజు ఉంటుంది. అది పోతే లైట్లన్నీ ఆరిపోతాయి కానీ, ఫేజు వైర్లో కరెంటు ఉంటుంది. చీకటైంది కదా అని చెయ్యి పెడితే షాకే.

చిన్న పరీక్ష

ఇంట్లో స్విచ్చులన్నీ ఆపి, ఫ్రిజ్జు, ఇన్వర్టరు ప్లగ్గులు తీసి మీటరు చూడండి. పాత మీటర్లో చక్రం ఇంకా తిరుగుతున్నా, కొత్తదాంట్లో ఎర్రలైటు మిణుకుతున్నా కరెంటు ఎక్కడికో పోతోందన్నమాట. అప్పుడు మెయిన్ దించండి. ఆగితే లోపం ఇంటి వైరింగ్‌లో ఉన్నట్టు. ఆగకపోతే విద్యుత్ సిబ్బందికి చెప్పాల్సిందే.

ఇవి కనిపిస్తే ఆలస్యం వద్దు

* కాలిన మచ్చలు, మాడువాసన, చిటపట శబ్దం.
* పెట్టెలోకి దిగిన వాననీటి చారలు.
* తెగిన ఎర్తు వైరు.
* ఫ్యూజులో అసలు తీగకి బదులు చుట్టిన లావుపాటి రాగితీగ.
* సర్వీసు వైరుని మోసే ఇనప తీగకో, పైపుకో కట్టిన దండెం. వైరు తొడుగు చిట్లితే దండేనికీ, తడిబట్టకీ కరెంటు పాకుతుంది. ఇలా పోయిన ప్రాణాలు ఎన్నో. దండెం దూరంగా, నైలాను తాడుతో కట్టుకోండి.

ఏం చేయించాలి?

లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తో ఫ్యూజుల బదులు ఎంసీబీలు, వాటితోపాటు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. ఎంసీబీ వైర్లను కాపాడుతుంది, ఆర్‌సీసీబీ మనిషిని కాపాడుతుంది. దాని టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కి చూడండి. ఎర్తింగ్ కూడా పరీక్ష చేయించండి. మీటరు, సర్వీసు వైరు ఫిర్యాదులకి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 1912కి ఫోను చేయొచ్చు.

చివరగా ఒక మాట. ఏ స్విచ్చు ఏ గదిదో కాగితం మీద రాసి పెట్టె పక్కన అంటించండి. మెయిన్ ఎలా దించాలో అత్తగారికీ, పెద్దపిల్లలకీ చూపించండి. ఆపదవేళ ఇంట్లో ఎవరుంటారో చెప్పలేం కదా!