తొట్టి కింద అసలు లెక్క

కర్గీ రోడ్‌లో ధాన్యం తోలే మా బావమరిది ఈసారి కొత్త పికప్ కొందామనుకున్నాడు. బిలాస్‌పూర్ షోరూముల నుంచి బ్రోచర్లు తెచ్చి నా ముందు పరిచి, "బావగారూ, టాప్ మోడల్ తీసుకుంటే బరువు కూడా ఎక్కువ మోస్తుంది కదా?" అన్నాడు. ఫిజిక్సు పాఠాలు చెప్పి బతికేవాణ్ణి, ఇలాంటి ప్రశ్న చేతికి చిక్కితే వదులుతానా?

మోయదు. ఒక్కోసారి తక్కువే మోస్తుంది.

ప్రతి బండికీ మొత్తం బరువు ఇంత దాటకూడదని ఒక హద్దు ఉంటుంది. ఆర్సీలో జీవీడబ్ల్యూ అని రాసి ఉండేది అదే. అందులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే మిగిలేదే సరుక్కీ, డ్రైవరుకీ, క్లీనరుకీ. ఇంజనూ ఛాసిసూ మారకుండా ఏసీ, పెద్ద సీట్లు, క్రోము బంపరు చేర్చారనుకోండి, ఖాళీ బరువు పెరుగుతుంది, హద్దు మాత్రం అక్కడే ఉంటుంది. చేరిన అరవై కిలోలూ సరుకు వాటాలోంచే పోతాయి. అమెరికాలో మనవాళ్లు కొనే ఫోర్డ్ ఎఫ్-250లోనూ ఇదే తంతు. ఎక్స్‌ఎల్ అనే సాదా రకం నుంచి లారియట్, కింగ్ రాంచ్, ప్లాటినం దాకా మెట్లెక్కుతుంటే సీటు తోలు మెత్తబడుతుంది. హద్దు మారని చోట, డ్రైవరు తలుపు చట్రం మీది స్టిక్కరులో సరుకు అంకె తగ్గుతుంది.

మన దగ్గర సరుకు బళ్ల పేర్లలో ఈ విషయం దాచుకోకుండానే పెట్టారు. మహీంద్రా 2023లో తెచ్చిన బొలెరో మ్యాక్స్ పికప్‌లో సిటీ, హెచ్‌డీ అని రెండు వరసలున్నాయి. వాటి పక్కనుండే 1.3, 1.7, 2.0 లాంటి అంకెలు టన్నులు. టాటా యోధా 2.0 పేరులోని రెండూ అంతే. తొట్టి సంగతి ఆ అంకెలే చెబుతాయి. ఛత్తీస్‌గఢ్ ధాన్యం బస్తా 40 కిలోలు. 1.7 టన్నుల బండికి 42 బస్తాలు, 2 టన్నులదానికి 50. కొనేవాడికి కావలసిన పోలిక ఇంతే. కానీ ఆ ఎనిమిది బస్తాల తేడా బండిలో ఎక్కడ దాక్కుందో చూడాలంటే డ్యాష్‌బోర్డు వదిలేసి వెనక చక్రం పక్కన గొంతుక్కూర్చోవాలి.

అక్కడ కనిపించేది కమాను కట్ట. విల్లులా వంగిన ఉక్కు పట్టీలు, అన్నిటికన్నా పొడవైనది పైన, కిందికి వెళ్లేకొద్దీ పొట్టివి. నడుమ ఒక సెంటర్ బోల్టు అన్నిటినీ గుచ్చి ఉంచుతుంది. రెండు యూ బోల్టులు కట్టను ఇరుసుకు బిగిస్తాయి. మెయిన్ పట్టీ రెండు కొసలూ చుట్ట తిరిగి కళ్లలా ఉంటాయి. ముందు కన్ను ఛాసిస్‌కు పిన్నుతో నిలుస్తుంది, వెనక కన్ను షాకిల్ అనే చిన్న ఊయలకు వేలాడుతుంది. బరువు పడితే విల్లు చదునవుతుంది, చదునైతే పొడుగవుతుంది. ఆ పొడుగుకు చోటిచ్చేది షాకిలే.

ఇన్ని పట్టీలెందుకు, ఒకే దిమ్మ పెడితే పోలా? ఇక్కడే నాకు ఈ యంత్రం మీద మోజు. పలక వంగకుండా మొరాయించే గుణం దాని మందం ఘనంతో పెరుగుతుంది. మందం రెట్టింపైతే బిగువు ఎనిమిది రెట్లు. కాబట్టి ఒక దిమ్మను అడ్డంగా కోసి ఎనిమిది సమాన పలకలు చేసి, మళ్లీ అలాగే పేరిస్తే, మొత్తం మందం మారకపోయినా బిగువు 64వ వంతుకు పడిపోతుంది. మరి బలం? అది మందం వర్గంతో నడుస్తుంది కనుక ఎనిమిదో వంతుకే తగ్గుతుంది. అంటే బలం పోగొట్టుకున్న దానికన్నా ఎంతో ఎక్కువగా ఒదుగుదల సంపాదించాం. ఎనిమిదో వంతు బరువుకే ఎనిమిది రెట్లు వంగుతుంది, విరగదు. మందపాటి నోటుబుక్కును వంచితే కాగితాలు ఒకదాని మీద ఒకటి జారి అంచు వాలుగా మారుతుంది చూడండి, ఇక్కడ పట్టీలూ అలాగే జారుతాయి.

ఆ జారుడులో రాపిడి ఉంది. గుంత ఇచ్చిన కుదుపులో కొంత ఆ రాపిడిలో వేడిగా మారి చల్లారిపోతుంది. స్ప్రింగే సగం షాక్ అబ్సార్బర్ పని చేసిపెట్టిందన్నమాట.

పట్టీల పొడవు మెట్లుమెట్లుగా తగ్గడం వెనక ఇంకో చమత్కారం ఉంది. కొసల నుంచి నడుముకు వచ్చేకొద్దీ వంపు ఒత్తిడి తిన్నగా పెరుగుతుంది. ప్రతి చోటా ఉక్కు సమానంగా శ్రమపడాలంటే పలక కొసల్లో సన్నగా, నడుమ వెడల్పుగా, పతంగి ఆకారంలో ఉండాలి. అలాంటి పలకకు నడుమ అర మీటరు వెడల్పు కావాల్సి రావచ్చు. చక్రానికీ ఛాసిస్‌కూ మధ్య అంత చోటెక్కడిది? అందుకని పతంగిని నిలువు ముక్కలుగా కోసి ఒకదాని కింద ఒకటి పెట్టారు. మధ్య ముక్క మెయిన్ పట్టీ. దాని రెండు పక్కల ముక్కలూ కలిస్తే తర్వాతి పట్టీ. వెడల్పునంతా ఎత్తుగా మడిచేశారు. కమ్మరి కొలిమిలో పుట్టిన ఆలోచన తర్వాత గణితానికి సరిగ్గా అమిరిందో, గణితమే ముందొచ్చిందో గానీ, ఇంగ్లండులో ఒబడయా ఇలియట్ 1804 ప్రాంతంలో గుర్రపు బళ్లకు ఇలాంటి కమానుల మీద పేటెంటు తీసుకునేనాటికే పట్టీల కట్ట పాతదే.

కర్గీ రోడ్ ప్లాట్‌ఫారం మీద నిలబడితే ఈ కమానుకు ప్రత్యర్థి కూడా కనిపిస్తుంది. బిలాస్‌పూర్, కట్నీల మధ్య పోయే బొగ్గు రైళ్లు చూడండి. వాటి బాక్స్‌ఎన్ రకం వ్యాగన్ల కింద ఒక్క పట్టీ ఉండదు, కాస్నబ్ బోగీ అనే చక్రాల చట్రంలో కాయిల్ స్ప్రింగుల గుంపు ఉంటుంది. పాత నాలుగు చక్రాల వ్యాగన్లకు మాత్రం కమానులే. కిలో ఉక్కులో కాయిల్ దాచే శక్తి పట్టీకన్నా ఎక్కువ, అందుకే పట్టాల మీద అదే గెలిచింది. కానీ కాయిల్‌కు రాపిడి లేదు, ఊగడం మొదలెడితే ఆగదు. కాబట్టి బోగీలో చీల ఆకారపు ఇనుప దిమ్మలు పెట్టి, స్ప్రింగులతోనే వాటిని పక్కగోడకు ఒరిపించారు. వ్యాగన్ ఖాళీగా 22 టన్నుల పైచిలుకు, నిండితే 80 దాటుతుంది. బరువుతోపాటు ఒరుపూ పెరగాలి, ఆ ఏర్పాటులో పెరుగుతుంది కూడా.

పికప్‌కు ఇంకో చిక్కుంది. కాయిల్ నిలువు బరువు మాత్రమే మోస్తుంది, ఇరుసు ముందుకూ వెనక్కూ పక్కకూ జరగకుండా వేరే కడ్డీలు కావాలి. కమాను ఒక్కటే బరువు మోసి, ఇరుసును పట్టి ఉంచి, ఇంజను తోపును ఛాసిస్‌కు చేర్చి, బ్రేకు మెలికనూ భరిస్తుంది. ఇన్ని పనులు చేసే ఒక్క కూలీని ఎవరు మాన్పిస్తారు? అమెరికాలో రామ్ 2500 పికప్ 2014లో వెనక కాయిల్‌కు మారింది, అంతకన్నా బరువు మోసే 3500 పట్టీలనే అట్టిపెట్టుకుంది. నా ఓటూ పట్టీకే.

ఖాళీ పికప్ ఎగిరెగిరి పడటానికి కారణమూ బిగువు లెక్కే. ఊగే వేగం బిగువును బరువుతో భాగించి వర్గమూలం తీస్తే వస్తుంది. వెనక స్ప్రింగుల మీద బరువు నాలుగు రెట్లయితే ఊగే వేగం సగానికి తగ్గుతుంది. నిండు బండికి సరిపోయే కమాను ఖాళీ బండిని బంతిలా ఆడిస్తుంది. దీనికి విరుగుడు హెల్పర్ పట్టీలు. బరువు తక్కువున్నప్పుడు అవి ఊరికే ఉంటాయి. తొట్టి ఒక మేరకు దిగాక వాటి కొసలు ఆనింపులకు తగిలి పనిలోకి దిగుతాయి. అక్కణ్ణుంచి బిగువు ఒక్కసారిగా పెరుగుతుంది. ఒకే బండికి రెండు స్ప్రింగులు, మధ్యలో స్విచ్చు లేదు, తీగ లేదు.

ఇంత చెప్పాక మావాడు, "అయితే చవక రకం కొని బయట రెండు పట్టీలు వేయిస్తా" అన్నాడు. ఊరూరా జరిగే పనే. తొట్టి కుంగదు, చూడ్డానికి బాగుంటుంది. కానీ ఇరుసు, బేరింగులు, టైర్లు, బ్రేకులు పాతవే. చాలా పికప్‌లలో ఛాసిస్‌కూ ఇరుసుకూ మధ్య ఒక కడ్డీ ఉంటుంది. తొట్టి ఎంత దిగిందో చూసి వెనక బ్రేకులకు ఎంత ఒత్తిడి పంపాలో తేల్చే వాల్వును అదే కదుపుతుంది. అదనపు పట్టీతో తొట్టి దిగకపోతే వాల్వు బండి ఖాళీగా ఉందనుకుంటుంది. రెండు టన్నులు నెత్తినెత్తుకున్న వెనక చక్రాలకు అరకొర బ్రేకు అందుతుంది. ఇక కాటా దగ్గర పట్టుబడితే 2019 సవరణ ప్రకారం 20,000 రూపాయల జరిమానా, ఎక్కువైన ప్రతి టన్నుకూ మరో 2,000.

పట్టీ విరిగితే చాలాసార్లు సెంటర్ బోల్టు రంధ్రం దగ్గరో, యూ బోల్టు అంచునో విరుగుతుంది. చదునయ్యేటప్పుడు పై ముఖం సాగుతుంది, పగులు అక్కడ మొదలవుతుంది. అందుకే ఫ్యాక్టరీలో ఆ ముఖాన్ని సన్నని ఉక్కు గుళ్లతో చితక్కొడతారు. పైపొర నొక్కుకుపోయి ఉంటే సాగదీత ముందు ఆ నొక్కును తీర్చుకోవాలి, పగులుకు సందు దొరకదు. తర్వాతి కథ త్వరగా చెప్పేస్తాను. నడుమ లావుగా కొసలు పలచగా సాగగొట్టిన పారాబొలిక్ పట్టీలు వచ్చి కట్టలో సంఖ్య తగ్గించాయి. 1981 కార్వెట్ కారుకు వెనక గాజునారతో చేసిన ఒక్క పట్టీయే వచ్చింది. తిరుపతి జిల్లా శ్రీసిటీలో 2016 నుంచి తయారవుతున్న ఇసుజు డీమ్యాక్స్ వీక్రాస్‌కు ముందు కాయిల్, వెనక పట్టీలు, రెండు లోకాలూ ఒకే బండిలో. నాలుగు చక్రాల డ్రైవు కూడా దొరుకుతుంది. కర్గీ రోడ్ నుంచి మండీకి ధాన్యం తోలేవాడికి అది డబ్బు దండగ.

మా బావమరిది బ్రోచర్లు మడిచి పెట్టి, 2 టన్నుల రకంలో అన్నిటికన్నా సాదా క్యాబిన్ రాయించుకున్నాడు. మ్యూజిక్ సిస్టమ్ బయట బిగించుకుంటాడట.