డాల్ఫిన్‌తో ఈతా? మావయ్య ఒప్పుకోలేదు!

మా పెద్దనాన్న కొడుకు దుబాయ్‌లో ఉంటాడు. నిరుడు దీపావళికి ఫ్యామిలీ గ్రూపులో ఓ వీడియో పెట్టాడు. నీలంగా మెరిసే నీళ్లు, లైఫ్ జాకెట్‌లో అన్నయ్య, పక్కనే ఓ డాల్ఫిన్. అది పైకి లేచి బుగ్గ మీద ముద్దు పెట్టింది. మొత్తం పన్నెండు సెకన్లు. మా తమ్ముడు ఆ పన్నెండు సెకన్లనీ ఆ రాత్రి ఎన్నిసార్లు చూశాడో లెక్కలేదు.

తెల్లారి లేస్తూనే వచ్చాడు. "అప్పా, మనమూ ఎల్దాం."

"దుబాయా?"

"కాదు, చిలికా. అక్కడా డాల్ఫిన్లున్నాయి. నీళ్లు కూడా లోతుండవంట. దిగిపోయి ఈదీడమే!"

మాది సోంపేట దగ్గర తీరపు ఊరు. చిలికా అంటే మాకు పక్కిల్లు లాంటిదే. ఇచ్ఛాపురం దాటి, బరంపురం దాటి, ఇంకాస్త ముందుకెళ్తే రంభ దగ్గర సరస్సు మొదలైపోతుంది. ఇంట్లో ఎవరెక్కడికెళ్లాలన్నా టికెట్లు బుక్ చేసేది నేనే కాబట్టి ఈ ప్లానూ నా మీదే పడింది. చిలికాలో చాలాచోట్ల నడుంలోతు నీళ్లే ఉంటాయన్నది నిజం. మిగతాదే తేడా కొట్టింది.

డాల్ఫిన్‌తో ఈత కొట్టించే పార్కులు మన దేశంలో ఎందుకు లేవో నాకప్పటిదాకా తెలీదు. 2013 మేలో సెంట్రల్ జూ అథారిటీ ఓ సర్క్యులర్ ఇచ్చింది, డాల్ఫినేరియాలకి అనుమతులు ఇవ్వొద్దని. అంతకుముందు 1990ల చివర్లో చెన్నై దగ్గర ఓ పార్కు కోసం బల్గేరియా నుంచి డాల్ఫిన్లు తెచ్చారు. కొన్ని నెలలకే అవి చనిపోయాయి. దుబాయ్ సంగతీ వెతికాను. 2007లో సోలమన్ దీవుల దగ్గర సముద్రంలో పట్టిన 28 డాల్ఫిన్లను విమానంలో అక్కడికి తరలించారు. అన్నయ్యకి ముద్దిచ్చిన డాల్ఫిన్ వాటిలో ఒకటో కాదో నాకు తెలీదు. అడగలేదు కూడా. పండగపూట ఆ మాట ఎందుకని ఊరుకున్నా.

మరి చిలికాలోవి? అవి ఎవరి సొంతమూ కావు. అడవిలో పులి ఎలాగో సరస్సులో అవి అలాగ. 1972 వన్యప్రాణి చట్టంలో పులి ఉన్న మొదటి షెడ్యూల్లోనే వీటి పేరూ ఉంది. ఇవి ఇరావదీ డాల్ఫిన్లు. అన్నయ్య వీడియోలోలా పొడుగు మూతి ఉండదు. బోడిగుండు లాంటి గుండ్రటి తల, వీపు మీద చిన్న రెక్క, బూడిద రంగు. గాల్లోకి ఎగిరి పల్టీలు కొట్టవు. సిగ్గరివి. వీపు కాస్త చూపించి మునిగిపోతాయి.

ఇంకోటి చెప్తే నమ్మరు. ఇరావదీ అంటే బర్మాలోని నది. కానీ సైన్సు ఈ జంతువుని మొదట గుర్తించింది మన విశాఖపట్నంలో దొరికిన దాన్ని చూసే! 1852లో విశాఖ హార్బర్‌లో ఒకటి దొరికింది. ఇక్కడ పనిచేసిన వాల్టర్ ఇలియట్ అనే బ్రిటిష్ అధికారి సేకరించిన వాటితో పాటు అదీ లండన్ చేరింది. 1866లో రిచర్డ్ ఓవెన్ దాన్ని వర్ణించి శాస్త్రీయ నామం పెట్టాడు. 'డైనోసార్' అన్న మాట పుట్టించింది కూడా ఈయనే. అంటే ఇవి మన తీరం డాల్ఫిన్లే, పేరొక్కటే రంగూన్ వెళ్లొచ్చింది. ఇది చెప్పగానే తమ్ముడు, "అయితే మనవే కదా, ఈదితే తప్పేటి?" అన్నాడు. ఇంటర్ చదివే పిల్లాడి లాజిక్కు ముందు ఎవరు నిలబడగలరు?

అప్పుడు మావయ్యకి ఫోన్ చేశా.

మా అమ్మ తమ్ముడు పూరిలో ఉంటాడు, సముద్రం ఒడ్డున పెంఠకటాలో. ఆ పేట నిండా తెలుగు మాటే వినపడుతుంది. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి తరాల కిందట వలసెళ్లిన మత్స్యకారులే అక్కడ ఎక్కువ. ఒడిశా వాళ్లు వీళ్లని నోలియాలంటారు. పూరి బీచ్‌లో తెల్లటి కోసు టోపీ పెట్టుకుని, స్నానానికి దిగిన యాత్రికుల చెయ్యి పట్టుకుని అలల్లోకి తీసుకెళ్లేవాళ్లు వీళ్లే. మా మావయ్యదీ అదే పని. ఎంతమందిని నీళ్లలోంచి లాగాడో ఆయనకే గుర్తులేదు. ఈత గురించి అడగాలంటే ఇంతకన్నా ఎవరుంటారు?

"డాల్ఫిన్‌తోటి ఈతేటే గుంటా?" అని నవ్వాడు. "సూడ్డానికైతే రండి. దిగడానికైతే రావొద్దు. అది నీతో ఆడ్డానికి పుట్టలేదు."

ముసలాళ్ల చాదస్తం అనుకున్నాం. సంక్రాంతి అయిన వారానికి ఆయనకి చెప్పకుండానే బయల్దేరాం.

ఐదొందల రూపాయల డాల్ఫిన్

పూరి నుంచి సాతపడా యాభై కిలోమీటర్లు. చిలికా డాల్ఫిన్లు ఎక్కువగా తిరిగేది ఈ పక్కనే, సరస్సు సముద్రంలో కలిసే పాయలో. మేం చేరేసరికి పది దాటింది. జెట్టీ దగ్గర జాతర. ఒక బోటు మాట్లాడుకున్నాం. నాటు పడవకి డీజిల్ ఇంజిను బిగించినది, భటభటమంటూ మాట వినపడనివ్వదు.

అరగంటకి ఒక వీపు కనిపించింది, దూరంగా. తమ్ముడు లేచి నిలబడ్డాడు. నేను మా సోంపేట ఒడియాలో బోటతన్ని అడిగా, దగ్గరకి పోనివ్వమని. అతను చెయ్యి అడ్డంగా ఊపాడు. ఇంకో ఐదొందలిస్తానన్నా. ఒక్క క్షణం నా మొహంలోకి చూశాడు, తర్వాత ఇంజిను పెంచాడు. మమ్మల్ని చూసి ఇంకో రెండు బోట్లు, వాటిని చూసి మరో రెండు. ఐదు బోట్లు గుండ్రంగా చేరాయి. డాల్ఫిన్ ఒకసారి బోట్ల మధ్య లేచింది. ఫోన్లన్నీ అటు తిరిగాయి. అంతే, మళ్లీ కనపడలేదు. గంటన్నర తిరిగాం. తమ్ముడి ఫోన్లో మిగిలింది నీళ్లు, పక్క బోటు వాళ్ల అరుపులు.

దిగేటప్పుడు అతను ఒక మాటన్నాడు. "దగ్గరకి వెళ్లకపోతే మీరు డబ్బులు దండగన్నారంటారు. వెళ్తే రేపు డాల్ఫిన్ ఉండదు. రెండింటికీ నష్టం నాకే." నేను సమాధానం చెప్పలేకపోయా. ఐదొందలు ఆశ చూపింది నేనే కదా. (తిరుగు దారిలో దీవి మీద ఆల్చిప్పలోంచి 'ముత్యం' తీసి అమ్మబోయినవాళ్ల సంగతి వేరే. అది కొనకండి.)

సాయంత్రం తప్పదు కాబట్టి మావయ్య ఇంటికెళ్లాం. తిడతాడనుకున్నా. అత్త పెట్టిన చేపల పులుసు తినేదాకా ఏమీ అనలేదు. తర్వాత మెల్లగా మొదలెట్టాడు.

"ఒకపాలి మా వలలో ఒకటి పడ్డాది. లాగేసరికి సచ్చిపోయుంది. దెబ్బ లేదు, రకతం లేదు. ఎందుకు సచ్చిపోనాదో తెలుసా? మునిగిపోనాది. అది సేప కాదే అమ్మా. మనలాగే దానికీ గాలి కావాల. వలలో సిక్కుకుని పైకి రాలేకపోనాది." కాసేపు ఆగాడు. "నీళ్లల్లో మనిషి గాలికోసం తల పైకెత్తినప్పుడు నానేటి సేత్తాను? సెయ్యి పట్టుకుంటాను. మీరేటి సేసినారు? అది తల పైకెత్తే సోట అయిదు ఇంజిన్లెట్టినారు."

తమ్ముడు తల దించుకున్నాడు. నేనూ.

తర్వాత చదివితే ఆయన చెప్పిందే పుస్తకాల్లోనూ ఉంది. బురదనీళ్లలో ఇవి కళ్ల మీద ఆధారపడవు. శబ్దం పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని బట్టి చేపనీ దారినీ పోల్చుకుంటాయి. ఆ నీళ్లలో ఐదు డీజిల్ ఇంజిన్లంటే మన కళ్లలో టార్చిలైటు కొట్టినట్టే. ప్రొపెల్లర్ తగిలితే ఇంక చెప్పేదేముంది. పైగా ఆడ డాల్ఫిన్ దాదాపు పద్నాలుగు నెలలు మోసి ఒక్క పిల్లనే కంటుంది. మళ్లీ కనడానికి రెండు మూడేళ్లు. దాదాపు వెయ్యి చదరపు కిలోమీటర్ల చిలికాలో, ఈమధ్య ఏళ్ల లెక్కల్లో అవి అటూ ఇటుగా నూట యాభై. ప్రపంచవ్యాప్తంగా అంతరించే ప్రమాదంలో ఉన్న జీవుల జాబితాలో ఐయూసీఎన్ 2017లో వీటిని చేర్చింది.

విదేశాల్లో ఈత కొట్టనిస్తున్నారు కదా అంటారా? అక్కడా వెనక్కి తగ్గుతున్నారు. హవాయిలో స్పిన్నర్ డాల్ఫిన్లు రాత్రంతా వేటాడి, పగలు ఒడ్డు దగ్గర నీళ్లలో విశ్రాంతి తీసుకుంటాయి. టూరిస్టులు సరిగ్గా ఆ టైముకే దూకుతున్నారని 2021లో అక్కడ రూల్ పెట్టారు, వాటికి 50 గజాల లోపు ఈదకూడదు, బోటు నడపకూడదు అని. న్యూజిలాండ్‌లోని బే ఆఫ్ ఐలాండ్స్‌లో 2019లోనే బాటిల్‌నోస్ డాల్ఫిన్లతో ఈత ఆపేశారు.

రెండోసారి వేసిన ప్లాన్

ఫిబ్రవరిలో మళ్లీ వెళ్లాం. ఈసారి మావయ్యతో కూర్చుని ప్లాన్ వేశా. మీక్కూడా పనికొస్తుందని రాస్తున్నా.

రోజు ట్రిప్పే, కాకపోతే రెండు రాత్రులు రైల్లో. విజయనగరం, శ్రీకాకుళం రోడ్డు, పలాస, సోంపేట, ఇచ్ఛాపురం అన్నీ హౌరా మెయిన్ లైన్ మీదే ఉన్నాయి. రాత్రి రైలెక్కి ఖుర్దా రోడ్డు మీదుగా పూరి చేరితే తెల్లవారే సాతపడా బయల్దేరొచ్చు. బైకు పిచ్చోళ్లకి ఇంకో దారుంది. ఎన్‌హెచ్-16 మీద బరంపురం, రంభ దాకా వచ్చి, పాలూరు మీదుగా కృష్ణప్రసాద్ వైపు దిగి, జాన్హికూడా దగ్గర బండిని ఫెర్రీ ఎక్కిస్తే అవతలి ఒడ్డు సాతపడాయే. ఫెర్రీ టైములు ముందే కనుక్కోండి, లేకపోతే ఒడ్డున కూర్చుని బిస్కెట్లు తినాలి. అంత దూరం వద్దనుకుంటే రంభలోనే బోటెక్కి దీవులు చూసి వచ్చేయొచ్చు. డాల్ఫిన్ మీద మాత్రం ఆశ పెట్టుకోకండి.

నవంబరు నుంచి ఫిబ్రవరి మంచిది. వలస పక్షులూ అప్పుడే వస్తాయి. పొద్దున్నే వెళ్లాలి, నీళ్లు కదలకుండా ఉంటే వీపు దూరం నుంచే కనపడుతుంది. అలలు లేచాక ప్రతి అలా డాల్ఫిన్‌లాగే ఉంటుంది.

బోటు మాట్లాడేటప్పుడే అసలు పని. రేటు కన్నా ముందు షరతు చెప్పాం. డాల్ఫిన్ కనపడితే ఇంజిన్ ఆపేయాలి, వెంటపడకూడదు, అక్కడ ఇంకో రెండు బోట్లుంటే మనం వెళ్లకూడదు, కనపడకపోయినా డబ్బులు మొత్తం ఇస్తాం. ఆఖరి మాట వినగానే బోటతని మొహం మారిపోయింది. మూడు గంటల పనికి డాల్ఫిన్ పూచీ తన నెత్తిన లేదు! లైఫ్ జాకెట్లు తనే తెచ్చి కట్టాడు.

ఇక మూడు గంటలూ అని చెప్పాను కదా, అందులో మొదటి గంటన్నర ఏమీ లేదు. అది ముందే చెప్పడం మంచిది. వల కర్రల మీద నీటికాకులు, దూరంగా ఇసుక దిబ్బ. తమ్ముడు రెండుసార్లు ఆవలించాడు. నాకూ అనుమానమొచ్చింది, ఇంత మంచితనం అవసరమా అని.

ఇంజిను ఆగి ఉంది. మొదట వినపడింది, తర్వాతే కనపడింది. 'ఫుస్స్' మని, ఎవరో పక్కన పెద్దగా ఊపిరి వదిలినట్టు. తిరిగేసరికి ముప్పై నలభై అడుగుల దూరంలో గుండ్రటి తల, వెనక చిన్న రెక్క. దాని పక్కనే ఇంకోటి, దాంట్లో సగం ఉంటుంది. తల్లీ పిల్లా. పిల్ల ఊపిరి చప్పుడు చిన్నది, తుమ్మినట్టుంది. మునిగాయి. మళ్లీ లేచాయి, ఈసారి ఇంకొంచెం ఇవతల. మేం కదల్లేదు. బోటతను నోటి మీద వేలు పెట్టి నవ్వుతున్నాడు. నాలుగుసార్లు లేచాక వాటి దారిన అవి సముద్రం వైపు వెళ్లిపోయాయి.

"తీశావా?" అన్నాను తమ్ముణ్ణి. ఫోన్ జేబులోనే ఉంది. "మర్సిపోనాను అప్పా" అన్నాడు.

వాడి ఈత సరదా సాయంత్రం పూరిలో తీరింది. మావయ్య టోపీ పెట్టుకుని, వాడి మణికట్టు పట్టుకుని అలల్లోకి తీసుకెళ్లాడు. మూడో అలకి ఇద్దరూ మునిగి తేలారు. వాడు తల పైకెత్తి గుటకలు మింగుతూ గాలి పీలుస్తుంటే మావయ్య ఒడ్డు మీదున్న నాకేసి చూసి, "ఇన్నావా? అదే సప్పుడు!" అని అరిచాడు.

ఆ వీడియో మాత్రం నేను తీశా. ఫ్యామిలీ గ్రూపులో పెడితే దుబాయ్ నుంచి అన్నయ్య వెంటనే అడిగాడు, డాల్ఫిన్ ఏదిరా అని. తమ్ముడు ఇంకా రిప్లై ఇవ్వలేదు. అమ్మ మాత్రం వచ్చే నవంబరుకి తనకీ ఓ టికెట్ తీయమంది, కింది బెర్త్ అయితేనే.