పేలుస్తూ పూసే తుపాకి

షాఫ్టు పాడైందంటే మొత్తం పాడైందని కాదు. బేరింగో సీలో కూర్చునే చోట, నాలుగు వేళ్ల వెడల్పున, పావు మిల్లీమీటరు అరిగి ఉంటుంది. అంతే. మిగతా ఉక్కు నిక్షేపంలా ఉంటుంది. ఆ పావు మిల్లీమీటరు పుణ్యమా అని క్వింటాళ్ల బరువున్న భాగం పాత ఇనుప కొట్టుకు చేరుతుంది. దాని బదులు కొత్తది కావాలంటే మళ్లీ గని, బట్టీ, ఫోర్జింగ్, లేతు, గ్రైండింగ్. మన దేశంలో టన్ను ఉక్కు తయారైతే సగటున రెండు టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలుస్తోంది. ఇదంతా లేతు ఎక్కకముందు లెక్క.

నెల్లూరు తీరంలో ఈ అరుగుదల లెక్క చిన్నదేమీ కాదు. కృష్ణపట్నం రేవు నుంచి వచ్చే రైలు మార్గం వెంకటాచలం దగ్గర మెయిన్ లైనులో కలుస్తుంది. 2019లో మొదలైన ఓబులవారిపల్లె మార్గం కూడా అక్కడి నుంచే. పక్కనే ముత్తుకూరు మండలం నేలటూరులో దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రం ఉంది. ఒక్కొక్కటీ 800 మెగావాట్ల చొప్పున మూడు యూనిట్లు. బొగ్గు పొడి, బూడిద, సముద్రపు ఉప్పుగాలి, మూడూ లోహాన్ని తినేవే. ఏ థర్మల్ కేంద్రంలోనైనా వాల్వు స్పిండిళ్లు, పంపు స్లీవులు, ఫ్యాను షాఫ్టులు అరుగుతూనే ఉంటాయి. కాబట్టి వాటి పైపొరను మళ్లీ నిలబెట్టడం ఎలా అన్నది ఇక్కడ రోజువారీ ప్రశ్న.

దశాబ్దాలుగా దీనికి దొరికిన జవాబు హార్డ్ క్రోమ్ ప్లేటింగ్. క్రోమిక్ ఆమ్లం ట్యాంకులో షాఫ్టును వేలాడదీసి కరెంటు ఇస్తారు. లీటరు ద్రావణానికి పావు కిలో దాకా క్రోమిక్ ఆమ్లం, వేడి 50 డిగ్రీల పైన. పొర గట్టిగా, తళతళలాడుతూ వస్తుంది, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ఇచ్చిన కరెంటులో నూటికి పది నుంచి ఇరవై వంతులే క్రోమియాన్ని దింపుతాయి. తక్కినదంతా నీళ్లను హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడగొట్టడానికే పోతుంది. ఆ బుడగలు పైకొచ్చి పగిలినప్పుడు ఆమ్లపు తుంపర లేస్తుంది. సరైన ఏర్పాట్లు లేని చోట, ఏళ్ల తరబడి దాన్ని పీల్చిన పనివాళ్లకు ముక్కు దూలానికే చిల్లులు పడ్డాయి. ఆ తుంపరలో ఉండేది ఆరు వేలెన్సీ క్రోమియం. అది మనుషులకు క్యాన్సర్ తెస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1990లోనే తేల్చింది. మన నిబంధనల ప్రకారం వాగులూ నదుల్లోకి వదిలే లీటరు వ్యర్థజలంలో అది 0.1 మిల్లీగ్రాము దాటకూడదు.

దాటితే ఏమవుతుందో చూడాలంటే నెల్లూరు వాళ్లు ఎంతో దూరం వెళ్లనక్కర్లేదు. చిత్తూరు సరిహద్దు దాటితే పాలారు ఒడ్డున రాణిపేట. అక్కడ 1990ల మధ్యలో మూతపడ్డ ఒక క్రోమేటు కర్మాగారం లక్షన్నర టన్నులకు పైగా క్రోమియం వ్యర్థాన్ని ఆవరణలోనే గుట్టపోసి వదిలేసింది. వానకు కరిగి అది భూగర్భ జలాల్లోకి దిగింది. పసుపు పచ్చటి నీళ్ల ఫొటోలు చాలామంది చూసే ఉంటారు. అది ప్లేటింగ్ షాపు కాదు. కానీ ప్లేటింగ్ ట్యాంకులో పడే ఆమ్లం పుట్టుక ఆ రకం కర్మాగారాల్లోనే.

క్రోమ్ ప్లేటింగుకు ప్రత్యామ్నాయంగా నిలిచిన యంత్రం పర్యావరణం కోసం పుట్టలేదు. అమెరికాలో యూనియన్ కార్బైడ్ సంస్థకు లిండే అని గ్యాసులమ్మే విభాగం ఉండేది. (అవును, భోపాల్ యూనియన్ కార్బైడే. చరిత్రకు ఇలాంటి చమత్కారాలు కొత్త కాదు.) అక్కడి పూర్మన్, సార్జెంట్, లాంప్రే అనే ముగ్గురికి 1955లో ఒక పేటెంటు వచ్చింది. గొట్టంలో గ్యాసును పేల్చి, ఆ పేలుడు ఊపుతో లోహపు పొడిని విసిరికొట్టి పూత వేయడం దాని సారాంశం. పేరు డిటొనేషన్ గన్. పనివాళ్ల నోట డీ-గన్. జెట్ ఇంజన్ల భాగాలకు అది బాగా అక్కరకొచ్చింది. అయితే కంపెనీ గన్నును ఎవరికీ అమ్మలేదు. భాగాలు మా దగ్గరికి పంపండి, పూసి పంపిస్తాం అంది. అలా కొన్ని దశాబ్దాలు అది గోడల మధ్యే ఉండిపోయింది.

అటు సోవియట్ యూనియన్‌లో, ముఖ్యంగా ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లో, పదార్థ శాస్త్రవేత్తలు తమ పద్ధతిలో ఇలాంటి గన్నులు తయారుచేసుకున్నారు. మన దేశానికి దారి తెరుచుకున్నది ఆ వైపు నుంచే. హైదరాబాదు శివారు బాలాపూర్‌లో కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ కింద పనిచేసే పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐ, కీవ్‌లోని ఒక సంస్థతో కలిసి ఈ యంత్రాన్ని ఇక్కడ నిలబెట్టింది. దాని పేరు ‘ఆవాజ్’. గన్ను పక్కన ఒక్క క్షణం నిలబడితే ఆ పేరెందుకో ఎవరూ చెప్పనక్కర్లేదు. అసలు నిలబడనివ్వరు. చెవి తట్టుకునే చప్పుడు కాదు కనుక, శబ్దం బయటికి రాని గదిలో యంత్రాన్ని బిగించి, ఆపరేటరు బయట నుంచే నడుపుతాడు.

ఆ గదిలో జరిగేది ఇది. మీటరు పైచిలుకు పొడవున్న గొట్టం, ఒక చివర మూసి ఉంటుంది. ముందుగా ఆక్సిజన్, ఎసిటిలీన్ లోపలికి వస్తాయి. నైట్రోజన్ మోసుకొచ్చే పొడి చిటికెడు. స్పార్క్ ప్లగ్ ఒక్క నిప్పురవ్వ. మామూలు మంట అయితే మెల్లగా పాకుతుంది. ఇది పాకదు, పేలుడు తరంగమై సెకనుకు రెండు మూడు కిలోమీటర్ల వేగంతో గొట్టమంతా దూసుకుపోతుంది. పొడి రేణువులు సగం కరిగి, సెకనుకు 800 మీటర్లకు పైగా వేగంతో వెళ్లి ఎదుట తిరుగుతున్న షాఫ్టు మీద అప్పచ్చుల్లా చదునై అతుక్కుంటాయి. వెంటనే నైట్రోజన్ వచ్చి గొట్టాన్ని కడుగుతుంది. మళ్లీ గ్యాసు, మళ్లీ పొడి, మళ్లీ రవ్వ. సెకనుకు మూడు సార్లు. ఒక్కో దెబ్బకు పడేది 25 మిల్లీమీటర్ల వ్యాసంతో, కొన్ని మైక్రాన్ల మందంతో ఒక మచ్చ. మచ్చ మీద మచ్చ ఒరుసుకుంటూ షాఫ్టు మొత్తం కప్పుకుంటుంది. ఇంత హడావుడిలోనూ షాఫ్టు వేడి సాధారణంగా 150 డిగ్రీలు దాటదు. అందుకే అది వంగదు, దాని కొలతా చెదరదు. ప్రెసిషన్ భాగాలకు ఇది ప్రాణం లాంటి విషయం.

ఎక్కువగా వాడే పొడి టంగ్‌స్టన్ కార్బైడ్, అందులో నూటికి 12 వంతులు కోబాల్టు. దాని పూత కాఠిన్యం వికర్స్ కొలతలో 1,100 దాకా ఉంటుంది. హార్డ్ క్రోమ్ 800 నుంచి 1,000 దగ్గర ఆగుతుంది. ట్యాంకు లేదు, ఆమ్లం లేదు, కడిగిన నీళ్లను శుద్ధి చేసే బెడద లేదు. క్రోమ్ ప్లేటింగులో హైడ్రోజన్ ఉక్కులోకి దూరి దాన్ని పెళుసు చేస్తుంది కాబట్టి తర్వాత గంటల తరబడి ఓవెన్‌లో వేడిచేయాలి. ఇక్కడ ఆ కరెంటు ఖర్చూ ఉండదు.

నా దృష్టిలో ఏఆర్‌సీఐ చేసిన పెద్ద పని యంత్రాన్ని తేవడం కాదు, దాన్ని దాచుకోకపోవడం. పరిజ్ఞానాన్ని దేశంలో వేర్వేరు ప్రాంతాల చిన్న పారిశ్రామికవేత్తలకు బదిలీ చేసింది. అమెరికా కంపెనీ నాలుగు గోడల మధ్య దాచుకున్నది జాబ్ వర్క్ షాపులకు చేరింది. దానితో తీగ లాగే పుల్లీలు, మిల్లుల్లో దారం నడిచే గైడ్లు, కొలతలు చూసే ప్లగ్ గేజ్‌లు, వాల్వు భాగాలు, ఇలా ఎన్నిటికో ఈ పూత వచ్చింది. ఇత్తడి గిన్నె లోపల చిలుమెక్కితే మన ఇళ్లలో పారేసేవాళ్లు కాదు, కళాయి పెట్టించేవాళ్లు. అరిగిన షాఫ్టుకు దక్కుతున్నదీ అదే మర్యాద.

అలాగని ఇది నిష్కళంకమేమీ కాదు. టంగ్‌స్టన్, కోబాల్టు గనుల చరిత్ర శుభ్రమైనది కాదు. ఎసిటిలీన్‌ను కాల్షియం కార్బైడ్ నుంచి తీస్తే సున్నపు బురద మిగులుతుంది. అతుక్కోని పొడి ఫిల్టర్లలో చేరుతుంది, ఆ కోబాల్టు దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. వేడి చోట్ల పనిచేసే భాగాలకు క్రోమియం కార్బైడ్ పొడి వాడతారు. దాన్ని పూసేటప్పుడు లేచే పొగలో ఆరు వేలెన్సీ క్రోమియం కొంత పుట్టవచ్చు. మనం పారదోలిన దయ్యమే కిటికీలోంచి వచ్చినట్టు! కనుక పొగను పీల్చేసే ఏర్పాటు సరిగా లేని షాపులో క్రోమ్ వదిలేశాం అని చెప్పుకోవడం మాటవరసకే. పైగా గన్ను ఎదురుగా కనబడేదాన్నే కొట్టగలదు. సన్నటి సిలిండరు లోపలి గోడకు దాని చెయ్యి అందదు. అక్కడ ఇవాళ్టికీ క్రోమ్ ట్యాంకుదే రాజ్యం. యూరప్ 2017 సెప్టెంబరు నుంచి క్రోమిక్ ఆమ్లానికి మూలమైన క్రోమియం ట్రైఆక్సైడ్‌ను ప్రత్యేక అనుమతి లేనిదే వాడొద్దంది. ఆ అనుమతులు అడిగేవాళ్లు ఇంకా క్యూలో ఉన్నారంటే కారణాల్లో ఇదొకటి.

ఇక పూత కూడా అరిగాక? గ్రైండింగుతో తీయడం వజ్రపు చక్రాలకే కష్టం. రోషెల్ ఉప్పు ద్రావణంలో కరెంటు పంపితే, కింది ఉక్కు చెక్కుచెదరకుండా కార్బైడ్ పొర ఊడివస్తుంది. షాఫ్టు మళ్లీ గన్ను ముందుకెళ్లొచ్చు. ద్రావణంలో మిగిలిన టంగ్‌స్టన్‌ను, ఫిల్టర్లలో చేరిన పొడిని పోగుచేసి కార్బైడ్ రీసైక్లింగ్ వాళ్లకు అమ్మే అలవాటు పెద్ద కంపెనీలకు ఉంది. నెలకు నాలుగు డ్రమ్ములు కూడా నిండని చిన్న షాపులకు అది గిట్టుబాటు కావాలంటే, పది షాపుల సరుకు ఒకచోట చేర్చే ఏర్పాటు కావాలి. పారిశ్రామిక వాడల్లో మురుగునీటికి ఉమ్మడి శుద్ధి కేంద్రాలు కట్టినట్టే దీనికీ కట్టొచ్చు.