రొమ్ముమీది పతాక

వేదాద్రిలో కృష్ణయొడ్డున వెలసిన యోగానంద లక్ష్మీనరసింహస్వామి సన్నిధిని ధ్వజారోహణవేళ గరుడపటము పైకెగయుట చూచినవారికి, జెండా యనగా వట్టి గుడ్డ కాదనియు, తా మెవరి యేలుబడిలోనివారమో చాటు గురుతనియు వేరుగా బోధింప నక్కరలేదు. అంత యెత్తున నెగురవలసిన దానిని రూపాయిబిళ్లంతకు కుదించి చొక్కాకు తగిలించుకొను వేడుక మాత్రము వర్తకులు మప్పినది.

1896లో అమెరికాయందలి న్యూవార్కు పట్టణమున వైట్‌హెడ్ అండ్ హోగ్ కంపెనీవారు ఒక బ్యాడ్జికి పేటెంటు పొందిరి. రంగులద్దిన గుండ్రని కాగితముమీద పలుచని సెల్యులాయిడు పొరను కప్పి, ఆ రెంటిని రేకుబిళ్లపై పరచి, అంచులను వెనుకకు మడచి, కడియమువంటి పట్టీతో బిగించి, అందులో వంచిన తీగసూదిని ఇమిడ్చిరి, పనితన మింతే. ఆ యేటనే మెకిన్లీ, బ్రయన్‌ల అధ్యక్షపదవి యెన్నికలపోరులో అవి వెల్లువెత్తెను. పిమ్మట సిగరెట్లవారును, నమిలెడి గమ్మువారును తమ సరకుతో వీనిని ఉచితముగా పంచి, వానిపై నటీమణులను, హాస్యచిత్రములను, నానాదేశముల జెండాలను అచ్చొత్తించిరి. జపానుజెండాలోని యెర్రని వలయము సూర్యబింబమనియు, డెన్మార్కుజెండాలోని తెల్లగీతలు క్రైస్తవుల శిలువయనియు పిల్లలకు బడికి పోకయే తెలిసియుండును. బిళ్లను వెనుకకు త్రిప్పినచో కంపెనీపేరున్న చీటీ కనబడును: ముందు దేశము, వెనుక దుకాణము!

నాడు మనకు మనదనదగిన జెండా లేదు. ఆంగ్లేయుల పతాకమీదనే 'స్టార్ ఆఫ్ ఇండియా' చిహ్నము నతికించి సరిపుచ్చిరి. ఆ కొరత తీర్ప బూనిన పింగళి వెంకయ్యగారు మన కృష్ణాజిల్లా భట్లపెనుమర్రువారు. అప్పటి నందిగామ తాలూకాలో చేరిన మునగాల పరగణాయందు, నడిగూడెమున కొంతకాలము నివసించినవారు. 1916లో జాతీయపతాకపై గ్రంథము ప్రకటించి, 1921లో బెజవాడయందు గాంధీజీకి తమ నమూనా నర్పించిరి. 1947 జూలై 22న రాజ్యాంగసభ అంతవరకు పతాకమీద నున్న చరఖాకు మారుగా ఇరువదినాలుగు ఆకుల అశోకచక్రము నంగీకరించెను. ఆ చక్రము సారనాథునుండి వచ్చినదే యైనను, జగ్గయ్యపేట స్తూపమున దొరికి నేడు చెన్నపట్టణపు మ్యూజియములో నున్న చక్రవర్తి శిలాఫలకమును చూచిన మాప్రాంతమువారికి క్రొత్తది కాదు. రెండువేల యేండ్లనాటి యా రాతిమీద ఏనుగు, గుఱ్ఱములతోపాటు చక్రరత్నమును కలదు.

ఇట్టి పతాకను సిగరెట్టుపెట్టెతో పంచుట మనదేశమున చెల్లదు. 1950నాటి చిహ్నముల చట్టము ప్రకారము కేంద్రప్రభుత్వానుమతి లేక జాతీయపతాకను వ్యాపారమునకు వాడరాదు. అమెరికావారి చనువు వారిది, మన మడి మనది. నాకు మాత్రము మడియే నచ్చును.

అట్లని మన రొమ్ములు బోసిగా లేవు. ఆగస్టు పదునైదున బడిపిల్లలు కాగితపుజెండాను గుండుసూదితో జేబుపై గ్రుచ్చుకొనుట యెరుగని యూరేది? 1949 మొదలు ఏటేట డిసెంబరు 7న సైనికదళముల పతాకదినమని, ఎరుపు, ముదురునీలము, లేతనీలము రంగుల చిన్నజెండాలను ఇచ్చి విరాళములు వసూలుచేయుదురు. డబ్బాలో పడిన చిల్లర మాజీ సైనికుల, వీరమరణము పొందినవారి కుటుంబముల సంక్షేమమునకు పోవును. ఆ జెండాను త్రిప్పి చూచినచో వెనుక తెల్లకాగితమే.